బొమ్మిడాయి చిరునామా

బొమ్మిడాయిల పులుసులో మామిడికాయ ముక్కలు వెయ్యాలా, చింతపండు రసమే పొయ్యాలా అని అడిగి చూడండి. మనలో ప్రతి ఒక్కరికీ ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది. అత్తగారి పద్ధతి ఒకటి, పుట్టింటి పద్ధతి ఇంకొకటి! అదే, ఆ బొమ్మిడాయి ఏ కాల్వలోది, ఏ మలుపు దగ్గర పడింది అని అడిగితే? 'బజార్లో కొన్నామండీ' అనడం తప్ప మన దగ్గర జవాబు లేదు. జవాబు ఉన్నది గంప దించిన మనిషి దగ్గర.

ఆ జవాబును ఇప్పుడు సెల్‌ఫోన్‌లో, పటం మీద గుర్తు పెట్టుకునే వీలొచ్చింది. పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఎవరికి చూపించాలి, ఎవరికి చూపించకూడదు? పైకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక చాలామంది ఆడవాళ్ల కూడు ఉంది.

చీరాల నుంచి బాపట్ల వెళ్లే దారిలో ఈపురుపాలెం తగులుతుంది. పేరు చెప్పగానే ఎవరికైనా మగ్గాలు గుర్తొస్తాయి. ఆ ఊరి పేరుతోనే ఒక కాల్వ కూడా ఉంది - 'ఈపురుపాలెం స్ట్రెయిట్ కట్'. పొలాల్లో మిగిలిన నీళ్లనీ, వాన నీళ్లనీ సముద్రానికి చేర్చే మురుగు కాల్వ అది. మురుగు అనగానే ముక్కు మూసుకోకండి. డెల్టాలో మురుగంటే పొలం తాగి వదిలేసిన నీళ్లే. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఇలాంటి కాల్వల్లోకి పోటు వేళ ఉప్పునీరు ఎగదన్నుతుంది. పైనుంచి మంచినీళ్లు, కింద నుంచి ఉప్పునీళ్లు. అందుకే ఒకే కాల్వలో ఒక చోట దొరికే చేప ఇంకో చోట దొరకదు. ఎగువన బురద ఉన్నచోట కొరమేను, మట్టగిడస, ఇంగిలీకం. వీటికి నీళ్లలోనే కాదు, పైకొచ్చి గాలి పీల్చుకునే ఏర్పాటు కూడా ఉంది కాబట్టి నీళ్లు అడుగంటినా బతికేస్తాయి. దిగువన ఉప్పు కలిసే చోట రొయ్యలు, పీతలు, పండుగప్ప.

పండుగప్ప సంగతి చెబితే మీకు నవ్వొస్తుంది. మంచినీళ్లలోనూ పెరుగుతుంది గానీ గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లకే పోవాలి. అంతేకాదు, మొదట మగచేపగా ఉండి, కొన్నేళ్లు పోయాక ఆడచేపగా మారుతుంది! సంసారం ఈదడంలో ఏది కష్టమో దానికి రెండు వైపులా తెలుసన్నమాట. అలాంటి చేపకు కాల్వ ముఖద్వారం పూడిపోయినా, మధ్యలో ఎవరైనా అడ్డుకట్ట వేసినా దారి మూసుకుపోయినట్లే. కాబట్టి చేప 'ఎక్కడ' దొరికింది అన్నది తిండి విషయం ఒక్కటే కాదు. ఆ నీళ్లు ఎలా ఉన్నాయో చెప్పే కబురు కూడా.

గంపలో ఉన్న చదువు

మా వీధికి చేపలు తెచ్చే పెద్దామెని ఒకసారి ఊరికే అడిగాను, "ఎక్కడ పట్టారు పెద్దమ్మా ఇవి?" అని. నవ్వింది. "చెబితే రేపు నువ్వెళ్లి పట్టుకుంటావా ఏందమ్మా?" అంది. మాట తేలిగ్గానే అన్నా, అందులో గడుసుతనం ఉంది. ఆ చోటే ఆమె పెట్టుబడి. మనం బంగారం ఎక్కడ దాచామో వీధిలో చెబుతామా?

కాల్వల్లో, చెరువుల్లో చేతులతో తడిమి చేపల్నీ పీతల్నీ పట్టడంలో యానాదులకు ఉన్న నేర్పు కోస్తా జిల్లాల్లో అందరికీ తెలిసిందే. ఆడవాళ్లు కూడా మోకాటిలోతు నీళ్లలో దిగి పడతారు. ఏ నెలలో ఏ గట్టు కింద ఏముంటుందో వాళ్లకు కాగితం అక్కర్లేకుండా తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, అది వాళ్ల నోటి మీదే ఉంది. పిల్లలు బడికి వెళ్లి, ఆ తర్వాత పట్నం వెళ్లి, ఉద్యోగాల్లో చేరితే సంతోషమే. కానీ ఆ లెక్కలన్నీ అమ్మమ్మతోనే పోతాయి.

పూర్వం దీన్ని రాసిపెట్టిన వాళ్లు లేకపోలేదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు డాక్టరు ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉండి చేపల్ని సేకరించాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఉన్న పేరు ఈయనదే. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చిన ఆయన పుస్తకంలో రెండు వందల చేపల బొమ్మలున్నాయి. విశేషం ఏమిటంటే, వాటికి మన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నల్ల చందువ, పండుమీను... ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయినా, చదివితే మన రేవులో మనిషి పలికినట్టే ఉంటుంది. ఆ పేర్లు ఆయనకు చెప్పిన వాళ్లెవరో మాత్రం మనకు మిగల్లేదు. చోటు కూడా అంతే, 'విశాఖపట్నం' అన్న ఒక్క మాటతో సరి.

ఇవాళ ఆ కొరత లేదు. ఫోన్ ఉపగ్రహాల సాయంతో మనం నిలబడ్డ చోటు అక్షాంశ రేఖాంశాలు చెప్పేస్తుంది. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు రాస్తే పదకొండు మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. అంటే ఇంచుమించు ఒక ఇంటి స్థలమంత. సిగ్నల్ లేని గట్టు మీద కూడా ఇది పనిచేస్తుంది. మ్యాప్ ముందే దించి పెట్టుకుంటే చాలు.

సముద్రం మీద వేటకు వెళ్లే వాళ్లకు ఈ విద్య కొత్త కాదు. హైదరాబాద్‌లో 1999లో మొదలైన 'ఇన్‌కాయిస్' సంస్థ ఉపగ్రహాలు చూపించే సముద్రపు వేడినీ, నీళ్లలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు గుమికూడే చోట్లు లెక్కగట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరమో తెలుగులో కూడా చెబుతోంది. మంచిదే. అయితే అది పడవ ఉన్న మగవాళ్ల సముద్రం. మోకాటిలోతు నీళ్లలో తడిమే ఆడమనిషి కాల్వ ఏ ఉపగ్రహానికి ఆనుతుంది? చిన్నతరహా చేపల వేట గురించి ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2014లో ఆమోదించిన మార్గదర్శకాలు ఆడవాళ్ల పనిని ప్రత్యేకంగా గుర్తించాలన్నాయి. గుర్తించడానికి ముందు కనిపించాలి కదా!

పటంలో లేకపోతే...

ఇక్కడే అసలు సంగతి ఉంది. కోస్తా తీరంలో ఎక్కడ ఏం కట్టొచ్చో, ఏం కట్టకూడదో తీర ప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు చెబుతాయి. 2011 జనవరి 6న వచ్చిన నోటిఫికేషన్‌లో, రాష్ట్రాలు తయారుచేసే తీర పటాల్లో మత్స్యకారుల గ్రామాలు, వాళ్ల ఉమ్మడి ఆస్తులు, చేపలు ఎండబెట్టే చోట్లు చూపించాలనీ, నీళ్లలో వేట జరిగే చోట్లు, చేపలు గుడ్లు పెట్టే చోట్లు స్పష్టంగా గుర్తించాలనీ రాశారు. 2019 జనవరిలో నిబంధనలు మార్చి కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు. అయినా ముసాయిదా పటాన్ని జనం ముందు పెట్టి, అభ్యంతరాలు తీసుకోవాలన్న పద్ధతి ఉంది. అలాంటి రోజున సభలో లేచి "మేము ఇక్కడే పడతాం" అంటే, "ఇక్కడ అంటే ఎక్కడ?" అంటారు. అప్పుడు చేతిలో తేదీలతో సహా గుర్తులున్న పటం ఉంటే మాట్లాడే గొంతుకు బలం వస్తుంది. లేకపోతే, గట్టు మీద ఎన్ని తరాలు తిరిగినా, కాగితం మీద అది ఖాళీ చోటే.

అలాగని ప్రతి గుర్తూ నలుగురికీ చూపించమని చెప్పను. చోటు బయటపడితే ఏమవుతుందో బర్మాలో చూశారు. 2006లో అక్కడ హోపోంగ్ ప్రాంతంలో ముత్యాల చుక్కలున్న చిట్టి చేప ఒకటి వెలుగులోకి వచ్చింది. అందమైన ఆ చేప ఫొటోలు అక్వేరియం సరదా ఉన్నవాళ్ల మధ్య తిరిగాయి. చోటు తెలిసింది. నెలలు తిరక్కుండానే అక్కడ చేప మిగులుతుందా అని భయపడే స్థితి వచ్చింది. తర్వాత వేరే చోట్ల కూడా ఆ చేప ఉందని తేలింది గనక సరిపోయింది. మన పక్కన కేరళలో 'మిస్ కేరళ' అనే ఎర్రగీత చేపకూ అక్వేరియం వ్యాపారమే ముప్పు తెచ్చింది. జీవజాలాన్ని నమోదు చేసే 'ఐ నేచురలిస్ట్' లాంటి వేదికలు అంతరించే ప్రమాదమున్న జాతుల చోటును మసకగా, మైళ్ల తేడాతో చూపించేది ఈ భయంతోనే.

నా మట్టుకు నాకు తోచేది ఒకటే. గుర్తు పెట్టే వేలు, చూపించే హక్కు కాల్వలో దిగే వాళ్లవే అయివుండాలి. ఎవరో చదువుకున్న పిల్లలు వచ్చి, ముసలమ్మల చేత చోట్లన్నీ చెప్పించుకుని, కంప్యూటర్లో ఎక్కించుకుని పోతే, రస్సెల్ దొర కాలానికీ ఈ కాలానికీ తేడా ఏముంది?

చెయ్యడం కష్టమేం కాదు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నిలబడ్డ చోట వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఎర్ర గుర్తు పడుతుంది. దాన్ని సేవ్ చేసి, ఊళ్లో పిలిచే పేరే పెట్టుకోవాలి. 'పెద్ద తూము', 'తుమ్మచెట్టు మలుపు' - ఏదైతే అది. కింద తేదీ, చేప తెలుగు పేరు, నీళ్లు ఉప్పో చప్పో, చేత్తో పట్టారో వలతోనో రాసుకుంటే చాలు. ఆ జాబితా ప్రైవేట్‌గా ఉందో లేదో చూసుకోవాలి. ఊరికి చెప్పాల్సి వచ్చినప్పుడు దశాంశం తర్వాత రెండు అంకెలతో ఆపేస్తే కిలోమీటరు తేడాలో మాత్రమే తెలుస్తుంది. ఇంకో జాగ్రత్త - ఫోన్‌తో తీసిన ఫొటోలో కూడా చోటు దాగి ఉండొచ్చు. కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేస్తే ఆ బెడద ఉండదు.

గుర్తు పెట్టాల్సినవి మనకు రుచించే చేపలే కావు. అక్వేరియంలో అద్దాలు నాకే సక్కర్ చేపను, పెద్దదైపోయిందని కాల్వలో వదిలేస్తున్నారు కొందరు. 'దెయ్యం చేప' అని పేరు తెచ్చుకున్న ఆ ముళ్ల చేప ఇప్పుడు మన రాష్ట్రంలో చెరువుల్లో, కాల్వల్లో వలలు చింపుతోంది. దాన్ని చూసిన చోటు మాత్రం దాచొద్దు. ఫొటోతో సహా మత్స్యశాఖ వాళ్లకు చెప్పండి.

కొరమేను సంగతి వేరు. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటిపైన కదులుతుంటే, తల్లీతండ్రీ కిందే కాపలా తిరుగుతుంటాయి. గాలం వేసేవాళ్లకు అంతకన్నా సులువైన వేట ఉండదు. అవి పోతే పిల్లల గుంపంతా పక్షుల పాలు. ఆ గుంపు కనిపించిన చోటు ఫోన్‌లో రాసుకున్నా, పిల్లలు విడిపోయేదాకా ఇంట్లో మగపిల్లలకు కూడా చెప్పకండి.