మగవాళ్లు పరదాలో, ఆడవాళ్లు ల్యాబుల్లో: 1905 నాటి ‘సుల్తానా కల’

తిరుపతి: సైన్స్ ఫిక్షన్ అనగానే పిల్లలకు గుర్తొచ్చేవి రోబోలు, రాకెట్లు, ఇంగ్లిష్ సినిమాలు. కానీ ఆడ, మగ లెక్కను తలకిందులు చేసిన తొలి సైన్స్ కథల్లో ఒకటి రాసింది పరదాలో పెరిగిన ముస్లిం మహిళ. అది అచ్చయింది మన పక్కనున్న మద్రాసులోనే.

ఆమె బేగం రొకేయా సఖావత్ హుస్సేన్. 1880లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని పైరాబంద్‌లో జమీందారీ ఇంట్లో పుట్టారు. బడికి పంపలేదు. ఇంట్లోవాళ్లు పడుకున్నాక అన్న చాటుగా ఇంగ్లిష్ నేర్పాడు. పెళ్లయ్యాక భర్త, భాగల్పూర్ డిప్యూటీ మేజిస్ట్రేట్, రాయమని ప్రోత్సహించారు. అలా ఇంగ్లిష్‌లో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో వచ్చింది. దాని ఎడిటర్ కమలా సత్యనాథన్ తెలుగావిడే. చిత్తూరు, తిరుపతి అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి.

ఇది పెద్ద నవలేం కాదు, కొన్ని పేజీల కథ. కలలో సుల్తానా ఒక ఆడవాళ్ల రాజ్యానికి వెళ్తుంది. అక్కడ జనానా లేదు, మర్దానా ఉంది. మగవాళ్లు అందులో వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ ఉంటారు. ఇదేంటని అడిగితే ఎదురు ప్రశ్న వస్తుంది: పిచ్చివాళ్లను వీధిలో వదిలేసి, బాగున్నవాళ్లను లోపల పెడతారా? ఆఫీసు పని ఆడవాళ్లు రెండు గంటల్లో ముగిస్తారు. మగవాళ్లయితే రోజులో ఆరు గంటలు చుట్టలకే పోతాయట!

అక్కడ మహిళా యూనివర్సిటీలు రెండు. ఒకటి మేఘాల నుంచి నీళ్లు దించే బెలూన్ చేసింది, రెండోది ఎండ వేడిని పట్టి దాచింది. ఎండకు కొరత లేని, నీళ్లకు కరువైన రాయలసీమలో ఈ భాగం చదివితే నవ్వు రాదు. తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ వచ్చింది 1983లో, ఈ కథ వచ్చిన 78 ఏళ్లకు.

మరి మగవాళ్లను మూసిపెట్టడం న్యాయమా? కాదు. ఆ అన్యాయం కొట్టొచ్చినట్టు కనబడాలనే ఆమె అలా తిప్పి రాశారు. మన ఇళ్లలో ‘ఇది ఆడపని, ఇది మగపని’ అనేది పుట్టుకతో వచ్చిందా, అలవాటుతో వచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. తర్వాతి రచయితలు ఇంకా ముందుకెళ్లారు. 1969లో అమెరికా రచయిత్రి ఉర్సులా లె గ్విన్ తన నవలలో ఆడ, మగ అని స్థిరంగా ఉండని మనుషుల లోకాన్ని ఊహించారు. అక్కడ ఒకే మనిషి ఒకసారి తల్లి, ఇంకోసారి తండ్రి కావచ్చు. పుస్తకం సంగతి అలా ఉంచితే, మన దేశంలో 2014లో సుప్రీంకోర్టు హిజ్రాలను థర్డ్ జెండర్‌గా గుర్తించింది.

రొకేయా మాత్రం కథతో ఆగలేదు. భర్త పోయిన 1909లోనే భాగల్పూర్‌లో ఐదుగురు ఆడపిల్లలతో బడి పెట్టారు, 1911లో కలకత్తాకు మార్చారు. తనూ బురఖా వేసుకునే ఇంటింటికీ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు. బడి బండిని నలువైపులా మూసేస్తే లోపల పిల్లలకు ఊపిరాడక కళ్లు తిరిగాయి. మార్చి గుడ్డ తెరలు కట్టిస్తే, గాలికి తెర లేస్తోందని బెదిరింపు ఉత్తరాలొచ్చాయి. ఈ రెండు రకాల ఫిర్యాదుల మధ్యే 1932లో చనిపోయేదాకా ఆమె బడి నడిపారు.