వజ్రాన్ని మోసుకొచ్చిన పచ్చరాయి

వజ్రకరూరు: తొలకరి వాన ఒక్కటి పడితే చాలు, ఇక్కడి చేలల్లో తలలు వంచుకొని నడిచేవారు కనిపిస్తారు. పక్కనున్న కర్నూలు జిల్లా నుంచీ, బళ్లారి వైపు నుంచీ సద్దిమూటలతో వచ్చి చెట్ల కింద మకాం వేసేవారూ ఉన్నారు. అందరూ వెదికేది తళుక్కుమనే రవ్వ కోసమే. ఆ రవ్వను భూమి లోపలి నుంచి పైకి తెచ్చిన రాతి సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ రాతి పేరు కింబర్లైట్. దక్షిణాఫ్రికాలో 1870 దశకంలో వజ్రాలు దొరికిన కింబర్లీ ఊరి పేరే దానికి పెట్టారు. వజ్రకరూరు, లత్తవరం పరిసరాల్లో నేలలోకి గొట్టాల్లా దిగిన ఇలాంటి రాతిని భారత భూగర్భ సర్వేక్షణ శాఖ వారు గుర్తించారు. సుమారు 110 కోట్ల సంవత్సరాల కిందట, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి కరిగిన రాయి తన్నుకొచ్చి ఇక్కడ గడ్డకట్టింది. అగ్నిశిలల్లో ఇది అరుదైన జాతి.

ఈ రాతిలో ముఖ్యమైన ఖనిజం ఒలివిన్. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. మెగ్నీషియం, ఇనుము, సిలికా కలిసి ఏర్పడుతుంది. మచ్చలేని ముక్కనైతే నగల వర్తకులు పెరిడాట్ పేరుతో అమ్ముతారు. అయితే మన చేలల్లో అలాంటి పచ్చ ముక్క దొరుకుతుందని ఆశపడితే నిరాశే.

కారణం దాని అమరికలో ఉంది. ఒలివిన్‌లో సిలికా కణాలు ఒకదానితో ఒకటి చేయి కలపకుండా విడివిడిగా ఉంటాయి. మెగ్నీషియం, ఇనుము వాటి మధ్య నిలిచి పట్టి ఉంచుతాయి. పైరాక్సీన్ అనే మరో ఖనిజంలో అవే కణాలు గొలుసులా కలుస్తాయి. అభ్రకంలో పొరలు పొరలుగా పరుచుకుంటాయి. పలుగురాయిలో నాలుగు వైపులా చేతులు పట్టుకుంటాయి. అందుకే పలుగురాయి వాగుల్లో ఎన్నేళ్ళు దొర్లినా మిగులుతుంది, ఒలివిన్ మిగలదు. ఇది అన్నిటికీ వర్తించే సూత్రమూ కాదు. ఎర్రని గార్నెట్‌లోనూ కణాలు విడివిడిగానే ఉంటాయి, అయినా గట్టిగా నిలుస్తుంది.

నీరు తగిలితే ఒలివిన్ సర్పెంటీన్ అనే మెత్తని ఖనిజంగా మారిపోతుంది. దానితో రాయి అంతా పట్టు విడిచి పొడి అవుతుంది. అడుగున నీలిరంగు, పైన పసుపు రంగు మన్ను, చాలాచోట్ల ఆ పైన తెల్లని సున్నపు పెళ్ళలు. మోసుకొచ్చిన పచ్చరాయి మట్టిలో కలిసిపోగా, వచ్చిన చుట్టం వజ్రం మిగిలింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ముందుగా వెదికేది వజ్రాన్ని కూడా కాదు. వాగు ఇసుకను జల్లించి ఎర్ర గార్నెట్, నల్లని ఇల్మనైట్, పచ్చని క్రోమ్ డయాప్సైడ్ వంటి తోడురాళ్ళు ఉన్నాయేమో చూస్తారు.

రాయి దొరికిందనుకున్నవారు చేసే పొరపాట్లు రెండున్నాయి. మొదటిది గాజు పెంకు మీద గీసి చూడటం. గాజును పలుగురాయి కూడా గీస్తుంది. గీత పడినంత మాత్రాన వజ్రం కాదు. అదే పలుగురాయి మీద గీసి చూస్తే కొంత తేడా తెలుస్తుంది. రెండోది ఇంకా ప్రమాదం. అసలు వజ్రమైతే పగలదంటూ సుత్తితో కొట్టేవారున్నారు. వజ్రం గట్టిదే గాని సుత్తి దెబ్బకు చీలిపోతుంది. నిజమైన రవ్వను ఈ పరీక్షతో చేజేతులా ముక్కలు చేసుకున్నట్టే.

వజ్రం నీటిని అంటించుకోదు, జిడ్డుకు అంటుకుంటుంది. గనుల్లో తడి మట్టిని గ్రీజు పూసిన బల్లల మీదుగా పారించి వజ్రాలను పట్టింది ఈ గుణం వల్లనే. ఒకే పరిమాణంలో ఉన్న పలుగు ముక్క కంటే వజ్రం బరువు సుమారు మూడో వంతు ఎక్కువ.

తూకం కారట్లలో జరుగుతుంది. గ్రాముకు 5 కారట్లు. పొలం గట్టు మీదే బేరం పెట్టే మధ్యవర్తి ఈ లెక్క చెప్పడు. చేతికందిన రాయిని అక్కడికక్కడే ఇచ్చేయకుండా, ఊళ్ళో ఇద్దరు వేర్వేరు కంసాలుల దగ్గర తూచి, ఆ బరువు కాగితం మీద రాసి ఉంచుకున్నాకే ధర మాట్లాడటం మంచిది.