తెల్లకాగితం మీద సంతకం

పోలీసు స్టేషను గడప తొక్కడమంటే మన ఇళ్లల్లో ఇప్పటికీ తలవంపులే. "మనకెందుకమ్మా ఆ గొడవలు!" అనే మాట వింటూ పెరిగినదాన్ని నేను. అలాంటిది 2025 జులైలో ఒక రోజంతా మా వీధి ఆడవాళ్లు పద్నాలుగు మందితో కలిసి స్టేషను వరండాలో కూర్చున్నాను.

మేం చేసిన నేరం ఒక్కటే. పిల్లలు బడికెళ్లే దారిలో మద్యం దుకాణం వద్దన్నాం. అర్జీలిచ్చాం, కాళ్లరిగేలా తిరిగాం. ఎవరూ పట్టించుకోకపోతే ఆ దుకాణం ముందే బైఠాయించాం. కాసేపటికి కొందరు రోడ్డు మీదికి జరిగారు, బస్సులు ఆగాయి. పదకొండు గంటలకు వ్యాను వచ్చింది. "ఎక్కండమ్మా, ఎక్కండి" అన్నారు. ఎక్కాం. ఎక్కకపోతే ఏమవుతుందో, అసలు అది అరెస్టో కాదో మాలో ఒక్కరికీ తెలియదు!

సాయంత్రం ఐదున్నరకు ఒక కానిస్టేబులు తెల్లకాగితాలు పట్టుకొచ్చి, "సంతకాలు పెట్టేసి ఇళ్లకు పోండమ్మా, వంట వేళయింది" అన్నాడు. నా ధ్యాసంతా ఇంటి మీదే. బడి నుంచి వచ్చిన బాబు ఏం తిన్నాడో, అత్తగారు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో... డిగ్రీ చదివినదాన్ని, మారు మాట్లాడకుండా సంతకం గీకేశాను. చదవడానికి అందులో ఏమీ లేదు కూడా.

పెట్టనిది ఒక్కరే. మా వీధి చివరింటి పెద్దమ్మ. ఆవిడకు అక్షరం ముక్క రాదు. కానీ 1992లో నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం నడిచినప్పుడు చీపురు పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డ మనిషి. "ఏముందో రాసి, చదివి వినిపించు నాయనా. అప్పుడు వేలిముద్ర వేస్తా" అంది. అతను విసుక్కున్నాడు. ఆవిడ కదల్లేదు. చివరికి వేలిముద్ర లేకుండానే ఆవిడనూ మాతోపాటే పంపేశారు.

నాలుగు నెలల తర్వాత కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. "ఏం కాగితం మీద సంతకం పెట్టావు?" అని మావారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్తే, ఫీజు లేకుండా ఒక లాయరమ్మను ఇచ్చారు. ఆవిడ ఫైలు తెప్పించి చూపించింది. నా సంతకం పైన, 'నేనే రోడ్డుకు అడ్డంగా కూర్చుని బస్సులు ఆపించాను, తప్పు ఒప్పుకుంటున్నాను' అని రాసుంది. నేను దుకాణం మెట్ల మీది నుంచి కదలనేలేదు!

"కంగారు పడకండి. పోలీసులకిచ్చిన నేరాంగీకారం కోర్టులో మీ మీద రుజువుగా చెల్లదు. కానీ ఈ తలనొప్పి చేతులారా తెచ్చుకున్నారు" అందావిడ. తర్వాత వాయిదాలకు వెళ్లినప్పుడల్లా ఆవిడను అడిగి తెలుసుకున్నవే ఇవి. నాలా ఎవరూ ఇరుక్కోకూడదని మీతో చెబుతున్నాను.

అరెస్టా... అదుపులోకి తీసుకోవడమా?

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చింది. అలాగని రోడ్డు మూసేసి ఎన్నాళ్లైనా కూర్చుంటామంటే కుదరదు. 2020లో షాహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. కాబట్టి ముందుగా పోలీసులకు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

పాత నేర విచారణ చట్టం స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. మనం '144 సెక్షన్' అని పిలుచుకునే నిషేధాజ్ఞలు ఇప్పుడు 163వ సెక్షన్ కిందికి వచ్చాయి. నేరం జరగకుండా ముందుజాగ్రత్తగా తీసుకెళ్లేది 170. తమ ఆదేశాన్ని ధిక్కరించిన వాళ్లను అక్కడి నుంచి తరలించే అధికారం పోలీసులకిచ్చేది 172. చిన్నపాటి వ్యవహారమైతే ఇరవై నాలుగు గంటల్లోగా వదిలిపెట్టాలని ఆ సెక్షనే చెబుతోంది.

అరెస్టు చేస్తే మాత్రం, ప్రయాణానికి పట్టిన సమయం తీసేసి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన రక్ష. అందుకే వ్యాను ఎక్కగానే చేసే మొదటి పని, గడియారం చూసి టైము గుర్తుపెట్టుకోవడం.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా...

* సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయకూడదు. తప్పనిసరి పరిస్థితైతే మహిళా పోలీసు అధికారే రాతపూర్వక నివేదిక ఇచ్చి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకుని చేయాలి.

* 'మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాం' అని నోటితో చెబితే చాలు. పరిస్థితులు మరోలా ఉంటే తప్ప మగ పోలీసులు ఒంటి మీద చెయ్యి వేయకూడదు.

* సోదా చేయాల్సి వస్తే మహిళే, మర్యాదకు భంగం కలగకుండా చేయాలి. స్వాధీనం చేసుకున్న వస్తువులకు రసీదు ఇవ్వాలి.

* వైద్య పరీక్ష మహిళా డాక్టరు చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి. ఆ నివేదిక నకలు మనకివ్వాలి.

* మహిళలను ప్రత్యేక లాకప్‌లో, మహిళా కానిస్టేబుళ్ల కాపలాలో ఉంచాలని సుప్రీంకోర్టు 1983లో షీలా బర్సే కేసులో ఆదేశించింది.

* సాక్షిగా విచారించాలన్నా మహిళను స్టేషనుకు రమ్మని బలవంతపెట్టకూడదు. ఆమె ఉండే చోటికే రావాలి.

నోరు తెరిచి అడగండి

గొడవ పడనక్కర్లేదు. నెమ్మదిగా అడిగితే చాలు. "నన్ను అరెస్టు చేశారా? ఏ కారణంతో?" కారణం చెప్పడం వాళ్ల బాధ్యత. దాన్ని మనకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించేలా బ్యాడ్జి ఉండాలి. అరెస్టు మెమో రాయాలి. దాని మీద మన ఇంటి మనిషో, ఆ ప్రాంతపు పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి. మనవాళ్లలో ఒకరికి కబురు చేయాలి. ఇవి 1996లో డి.కె.బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు, ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి.

లాయరును సంప్రదించే హక్కు మనకుంది. విచారణ జరుగుతున్నంత సేపూ పక్కనే కూర్చోకపోయినా, మధ్యలో కలవనివ్వాలి. బెయిలబుల్ కేసైతే బెయిలు మన హక్కు, స్టేషనులోనే ఇవ్వొచ్చు. జామీను ఇచ్చే స్తోమత లేనివాళ్లను సొంత పూచీకత్తు మీద వదలాలి.

సంతకం సంగతి

పేరు, చిరునామా చెప్పండి. అవి దాస్తే దాస్తున్నందుకే అరెస్టు చేయొచ్చు. మనల్ని నేరంలో ఇరికించే ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పకపోయినా తప్పులేదు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ శత్పథి కేసులో 1978లోనే సుప్రీంకోర్టు ఈ హక్కును నిలబెట్టింది.

అరెస్టు మెమో మీద మన సంతకం ఉండాలి, అది మనకే రక్షణ. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూసి పెట్టండి. దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద మాత్రం మనతో సంతకం పెట్టించుకోకూడదని చట్టమే చెబుతోంది. ఇక తెల్లకాగితం మీదంటారా... ఎంత పొద్దుపోయినా వద్దు!

ఎవరైనా కొట్టినా, అసభ్యంగా ప్రవర్తించినా మేజిస్ట్రేటు ముందు భయపడకుండా చెప్పండి. తోపులాటకు మాత్రం దిగొద్దు. విధుల్లో ఉన్న పోలీసు మీద చెయ్యి చేసుకున్నారంటే కేసు బరువే మారిపోతుంది.

ఇల్లు కదిలే ముందు

ఇద్దరి ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి కొంగున ముడేసుకోండి. సెల్ తీసేసుకుంటే ఒక్క నంబరూ గుర్తురాదు, నాకు మావారిదే గుర్తురాలేదు! వేసుకునే మందులు, వాటి చీటీ వెంట ఉంచుకోండి. అరెస్టయిన మనిషి ఆరోగ్యం చూసే బాధ్యత పోలీసులదే. బిడ్డను బడి నుంచి ఎవరు తీసుకురావాలో ముందే చెప్పి వెళ్లండి. ఆ రోజు నా చేత సంతకం పెట్టించింది కానిస్టేబులు కాదు, ఇంటి మీది బెంగే.

ఇంకొకటి. ఉచిత న్యాయ సహాయానికి ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేదు. ఉద్యోగస్తురాలైనా, కూలికెళ్లే మనిషైనా అర్హులే. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కిది. 15100కు ఫోను చేస్తే దారి చెబుతారు.

మా కేసు ఇంకా నడుస్తోంది. పెద్దమ్మ మీదా ఉంది గానీ ఆవిడ పేరున అలాంటి కాగితం లేదు. దుకాణమూ అక్కడే ఉంది. మొన్న మళ్లీ అర్జీ రాశాను. ఈసారి ధర్నాకు అనుమతి కోరుతూ స్టేషనుకు కూడా ఒకటి. అందరం పెద్దమ్మ అరుగు మీద చేరాం. ఆవిడ కాగితం నా చేతికే ఇచ్చి, "చదువుకున్నదానివి, ముందు చదువు" అంది. మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. అప్పుడు పెట్టాం సంతకాలు. పెద్దమ్మ వేలిముద్ర అన్నిటికన్నా పైన ఉంది.