లేని మెమరీని ఉన్నట్టు చూపిన అట్లాస్

1962 డిసెంబర్ 7న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో అట్లాస్ అనే కంప్యూటర్‌ను లాంఛనంగా ప్రారంభించారు. టామ్ కిల్‌బర్న్ బృందం ఫెరాంటి సంస్థతో కలిసి నిర్మించిన ఆ యంత్రం ఆనాటి ప్రపంచంలోని అతి వేగవంతమైన కంప్యూటర్లలో ఒకటి. దాని అసలు మెమరీ 16,384 పదాలు. ఒక్కో పదం 48 బిట్లు కాబట్టి ఇప్పటి లెక్కలో మొత్తం 96 కిలోబైట్లు. ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అయినా అట్లాస్ మీద ప్రోగ్రాములు రాసేవాళ్లకు దానికి ఏడు రెట్ల మెమరీ ఉన్నట్టే అనిపించేది.

ఆ ఏర్పాటు పేరు ఇప్పుడు వర్చువల్ మెమరీ. ఇంట్లోని విండోస్ కంప్యూటర్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ఈ క్షణాన పనిచేస్తున్నది దాని సంతానమే. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు ఎక్కువ తెరవగానే మౌస్ మొరాయించి, హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంటుంది. అక్కడ శక్తికి మించి శ్రమిస్తున్నది కూడా అదే.

కిల్‌బర్న్‌కు మెమరీ కొత్త సమస్య కాదు. తన మెమరీలోనే ప్రోగ్రామును దాచుకుని నడిపిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ‘బేబీ’. 1948 జూన్ 21న అదే మాంచెస్టర్‌లో ఆయన, ఫ్రెడ్డీ విలియమ్స్, జెఫ్ టూటిల్ దాన్ని నడిపారు. క్యాథోడ్ రే ట్యూబు తెర మీద నిలిచిన 1,024 చుక్కలే దాని మెమరీ. అట్లాస్ నాటికి చిన్న చిన్న ఫెరైట్ ఉంగరాలను తీగలకు గుచ్చి అల్లిన కోర్ మెమరీ వచ్చింది. అది వేగవంతమైనదే, రెండు మైక్రోసెకన్లలో పని పూర్తిచేస్తుంది. కానీ ధర ఎక్కువ. చవకగా దొరికేది అయస్కాంత డ్రమ్. తిరిగే ఆ పీపా మీద కావలసిన చోటు హెడ్ కిందికి వచ్చేదాకా ఆగాలి. సగటున ఆరు మిల్లీసెకన్లు. అంటే కోర్ కంటే మూడు వేల రెట్ల ఆలస్యం.

అంతకుముందు ఈ రెంటి మధ్య సరుకు మోసే పని ప్రోగ్రామరుదే. ఏ ముక్క ఎప్పుడు కోర్‌లో ఉండాలో, ఎప్పుడు డ్రమ్ మీదికి పంపాలో ముందే కాగితం మీద లెక్క వేసుకోవాలి. లెక్క తప్పితే ప్రోగ్రాము తప్పినట్టే. అట్లాస్ బృందం ఆ చాకిరీని యంత్రానికే అప్పగించింది. మెమరీని 512 పదాల చొప్పున పేజీలుగా విడగొట్టారు. కోర్‌లోని 32 చోట్లలో ఏ పేజీ ఎక్కడుందో చెప్పడానికి 32 రిజిస్టర్లు పెట్టారు. అడిగిన పేజీ కోర్‌లో లేకపోతే యంత్రం తానే పని ఆపి, డ్రమ్ నుంచి దాన్ని తెచ్చి, ఆగిన చోట తిరిగి మొదలుపెడుతుంది. ప్రోగ్రాముకు ఇదంతా తెలియనే తెలియదు.

ఈ ఆలోచనను బెర్లిన్‌లో ఫ్రిట్జ్-రూడాల్ఫ్ గ్యుంచ్ 1950ల నడుమే తన పరిశోధన వ్యాసంలో రాశాడు. నిజమైన యంత్రంలో నడిపి చూపించింది మాత్రం మాంచెస్టర్ వాళ్లు. నాకు అందులో అన్నిటికంటే గొప్పగా తోచేది, కొత్త పేజీ వచ్చినప్పుడు పాతవాటిలో దేన్ని పంపాలో వాళ్లు తేల్చిన తీరు. ‘లెర్నింగ్ ప్రోగ్రామ్’ అని ఒక చిన్న ప్రోగ్రాము ప్రతి పేజీ వాడకాన్ని గమనిస్తూ ఉండేది. ఎంతసేపటి నుంచి దాని జోలికి ఎవరూ పోలేదు, అంతకుముందు ఎంతసేపు ఊరికే పడి ఉంది అని చూసి, ఇక చాలాసేపు అవసరపడదని తోచిన పేజీని బయటికి పంపేది. పైగా ఒక చోటును ఎప్పుడూ ఖాళీగా ఉంచేవారు, వచ్చే పేజీ గుమ్మంలో ఆగకూడదని. ఇవాళ్టి ప్రధాన ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఈ ఊహనే ఏదో ఒక రూపంలో కొనసాగిస్తున్నాయి.

1960ల చివరికి చిక్కు బయటపడింది. ఒకే యంత్రంలో ఒకేసారి చాలా ప్రోగ్రాములు నడిపించే రోజులు వచ్చాయి. ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతే కొంతదాకా అంతా సవ్యంగా సాగేది. ఇంకొక్కటి చేర్చగానే వేగం కొద్దిగా తగ్గడం కాదు, ఒక్కసారిగా కూలిపోయేది. ఒక ప్రోగ్రాము పేజీని తెస్తే ఇంకొకదాని పేజీ బయటికి పోతుంది. అది తన పేజీని వెనక్కి తెచ్చుకుంటే ఇంకెవరిదో పోతుంది. యంత్రం రాత్రింబవళ్లు పేజీలు మోస్తూనే ఉంటుంది, అసలు పని ముందుకు సాగదు. దీన్ని థ్రాషింగ్ అన్నారు. దాని కారణాన్ని 1968లో తేటతెల్లం చేసింది ఎంఐటీలో పరిశోధన చేసిన పీటర్ డెనింగ్. ప్రతి ప్రోగ్రాముకూ ఆ కాసేపు నిజంగా చేతిలో ఉండాల్సిన పేజీలు కొన్ని ఉంటాయి. దానికి ఆయన పెట్టిన పేరు ‘వర్కింగ్ సెట్’. నడుస్తున్న వాటన్నిటి వర్కింగ్ సెట్లూ కలిపి మెమరీలో పడితే హాయి. పట్టకపోతే ఎంత తెలివైన పేజీల ఎంపికా కాపాడలేదు, ఏదో ఒక ప్రోగ్రామును ఆపాల్సిందే.

అంత హఠాత్తుగా ఎందుకు కూలుతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఇప్పుడు కోర్ స్థానంలో ఉన్న ర్యామ్ నుంచి ఒక సమాచారం తేవడానికి సుమారు 100 నానోసెకన్లు, తిరిగే హార్డ్ డిస్క్ నుంచి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. తేడా లక్ష రెట్లు. ర్యామ్ పనిని ఒక సెకను అనుకుంటే డిస్క్ పని 27 గంటల పైమాట. ఇక లక్షసార్లలో ఒక్కసారి డిస్క్ దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చినా సగటు వేగం సగమైపోతుంది. పదివేలలో ఒకసారి అయితే పదకొండు రెట్లు నెమ్మదిస్తుంది. అట్లాస్ కాలంలో మూడు వేల రెట్లున్న అగాధం మన ఇళ్లలోకి వచ్చేసరికి ఇంతైంది. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించిన డీర్యామ్ చిప్పులతో మెమరీ వేగం పెరిగింది కానీ, తిరిగే పళ్లెం తిరిగే పళ్లెమే కదా. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్క్ సగం చుట్టు తిరగడానికే నాలుగు మిల్లీసెకన్లు పోతాయి. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీ వచ్చాకే ఈ ఆలస్యం బాగా తగ్గింది.

1985లో ఇంటెల్ 80386 చిప్పు నాలుగు కిలోబైట్ల పేజీలతో ఈ ఏర్పాటును చిన్న కంప్యూటర్లలోకి తెచ్చింది. 1990లో వచ్చిన విండోస్ 3.0 దాన్ని వాడుకుంది. అట్లాస్ డ్రమ్ చేసిన పనిని ఇప్పుడు విండోస్‌లో పేజ్‌ఫైల్ అనే దాగి ఉన్న ఫైలు చేస్తోంది.

మరి బ్రౌజర్ మీదే అందరి ఫిర్యాదూ ఎందుకు? 2008 సెప్టెంబర్‌లో గూగుల్ క్రోమ్ వచ్చేదాకా పేరున్న బ్రౌజర్లు ఎక్కువగా ఒకే ప్రాసెస్‌గా, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రాముగా, ఉండేవి. ఒక ట్యాబు బిగుసుకుపోతే అన్నీ పోయేవి. క్రోమ్ వాటిని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడదీసింది. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని స్పెక్టర్, మెల్ట్‌డౌన్ లోపాలు బయటపడ్డాయి. ఆ తర్వాత ఒక వెబ్‌సైటు రహస్యాలు ఇంకొకటి చదవకుండా సైటుకో ప్రాసెస్ అన్న పద్ధతిని పూర్తిగా అమలుచేశారు. దానికే పది నుంచి పదమూడు శాతం మెమరీ అదనంగా పడుతుందని గూగులే చెప్పింది. అది బ్యాంకు పాస్‌వర్డుకు కట్టిన గోడ ఖర్చు. వృథా అనడం న్యాయం కాదు. ఇక బొమ్మల సంగతి. 4,000 అడ్డం, 3,000 నిలువు చుక్కలున్న ఫొటో ఫైలుగా మూడు మెగాబైట్లే ఉండొచ్చు. తెర మీద చూపడానికి పూర్తిగా విప్పితే చుక్కకు నాలుగు బైట్ల చొప్పున 48 మెగాబైట్లు. రోజూ పొద్దున్నే బొమ్మలుగా వచ్చే తెలుగు ఈ-పేపర్ల పేజీలు వరసగా తెరిచి ఉంచుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

కంప్యూటర్ ఈడ్చుకుంటూ నడుస్తుంటే చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ 80 శాతం నిండిందని చూసి కంగారుపడతారు. అంత నిండటం దానికదే జబ్బు కాదు. ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు కాబట్టి, మిగిలిన దాన్ని కూడా విండోస్ ఊరికే ఉంచదు, మళ్లీ కావలసి వస్తాయని పాత ఫైళ్లను అందులో అట్టేపెడుతుంది. అడిగితే వెంటనే ఖాళీ చేస్తుంది. చూడాల్సింది రిసోర్స్ మానిటర్‌లోని మెమరీ విభాగంలో ‘హార్డ్ ఫాల్ట్స్’ అంకె. డిస్క్ నుంచి పేజీ తేవాల్సి వచ్చిన సందర్భాలను సెకనుకు ఇన్ని అని అది చూపిస్తుంది. కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడు అది ఎగసి పడిపోవడం మామూలే. దిగకుండా పైనే ఉండి, డిస్క్ వాడకం కూడా వంద శాతం దగ్గర నిలిస్తే అది డెనింగ్ చెప్పిన థ్రాషింగ్.

ఒక్క నొక్కుతో ర్యామ్ శుభ్రం చేస్తామనే యాప్‌లు ఇక్కడే నష్టం చేస్తాయి. వాటిని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను. నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలను బలవంతంగా బయటికి నెట్టి ఖాళీ శాతం పెంచి చూపడమే అవి చేసేది. మరుక్షణం ఆ పేజీలు మళ్లీ కావాల్సి వస్తాయి. తగ్గించాల్సింది వర్కింగ్ సెట్‌ను. క్రోమ్, ఎడ్జ్‌లలో షిఫ్ట్, ఎస్కేప్ కీలు కలిపి నొక్కితే బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలోనూ ఒకటి ఉంది. ఏ ట్యాబు, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత తింటోందో అందులో విడివిడిగా కనిపిస్తుంది. ఏమీ చేయకుండా వదిలేసినా గంట గంటకూ పెరుగుతూ పోయే ట్యాబు ఉంటే అది వాడి వదిలిన మెమరీని తిరిగి ఇవ్వడం లేదన్నమాట. దాన్ని మూసి మళ్లీ తెరవడమే దారి. క్రోమ్‌లోని మెమరీ సేవర్ ఎంతోసేపు ముట్టని ట్యాబులను తానే దించేస్తుంది, అట్లాస్ లెర్నింగ్ ప్రోగ్రామ్ చేసినట్టే. ఇంకో సంగతి: ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌లో ‘షట్ డౌన్’ చేస్తే లోపలి సిస్టమ్ పూర్తిగా కొత్తగా మొదలవదు. రోజుల తరబడి పేరుకున్నది పోవాలంటే ‘రీస్టార్ట్’ చేయాలి.

ఇవన్నీ చేశాక కూడా మారకపోతే డబ్బు ఎక్కడ పెట్టాలో ఆ హార్డ్ ఫాల్ట్స్ అంకే చెబుతుంది. అంకె తక్కువగానే ఉండి డిస్క్ మాత్రం ఊపిరాడకుండా ఉంటే, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టించుకోవచ్చు. ట్యాబులు తగ్గించినా అంకె పైనే ఉంటే, మీ రోజువారీ పని వర్కింగ్ సెట్ ఉన్న ర్యామ్‌లో పట్టడం లేదు. నాలుగు జీబీ ఉన్న చోట ఎనిమిది పెట్టించుకోవాలి. కొనేముందు ఖాళీ స్లాట్ ఉందో, ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారో మెకానిక్‌తో మూత విప్పించి చూసుకోండి.