ఆల్పాకాల దొడ్డిలో తెలుగు పాఠము

2024 అక్టోబరులో దసరా సెలవులకు మరికొన్ని దినములు చేర్చుకొని, నేనూ నా భార్యా మెల్‌బోర్న్ నగరములో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినాము. మా మనుమడికి ఏడేండ్లు. ఇంట్లో తెలుగు వింటాడు గాని, మాట్లాడమంటే నాలుగు మాటలు తెలుగులో మొదలుపెట్టి అయిదవ మాటకు ఇంగ్లీషులోకి దిగిపోతాడు. ముప్పది ఏండ్లుగా తెలుగు చెప్పి బ్రతుకుతున్న నాకు ఇది చిన్నతనముగా తోచినది. చేరిన మరునాటి నుండే పాఠములు ప్రారంభించినాను.

దినమునకు పది మాటలు వ్రాయించి అర్థములు వల్లె వేయించేవాడిని. వారము తిరిగినది. మొదటి దినపు మాటలు అడిగితే ఒక్కటీ రాలేదు. విసుగుతో, "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉన్నది" అన్నాను.

"గొంగళి అంటే ఏమిటి తాతయ్యా?"

"కంబళి."

"కంబళి అంటే?"

"ఉన్నితో నేసిన దుప్పటి."

"ఉన్ని అంటే?"

"గొఱ్ఱె బొచ్చురా."

అప్పటికే వాడి చూపు కిటికీ బయటికి పోయినది. వాడు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పినాను. కాని చెప్పినవన్నీ మాటలే. వాడి చేతిలో ఒక్క వస్తువైనా పెట్టలేదు.

ఆ ఆదివారము మా అల్లుడు, "పాఠాలకు ఈ రోజు సెలవివ్వండి మామయ్యా. ఆల్పాకాలను చూచి వద్దాము" అన్నాడు. పులిహోర, పెరుగన్నము డబ్బాలలో సర్దుకొని అయిదుగురమూ కారెక్కినాము. నగరము దాటి గంటన్నర పోయిన తరువాత, పచ్చని గుట్టల నడుమ తీగల కంచె వేసిన పెద్ద దొడ్డి కనబడినది. అందులో అరవై డెబ్బది ఆల్పాకాలు మేయుచున్నవి.

దూరమునుండి గొఱ్ఱెలే అనుకొన్నాను. దగ్గరకు పోగా, గొఱ్ఱె ఒంటికి ఒంటె మెడ అతికించినట్లున్నది. ఆ పోలిక ఊరక రాలేదు; ఆల్పాకా ఒంటె కుటుంబములోనిదే. భుజము వద్ద మూడడుగుల ఎత్తు ఉంటుంది. పాదముల అడుగు మెత్తగా ఉంటుంది. పై దవడలో ముందరి పండ్లకు బదులు గట్టి చిగురు ఉంటుంది. మామూలు వేళ గొంతెత్తి అరవదు. ముక్కుతో సన్నగా కూనిరాగము తీసినట్లు మూలుగుతుంది. మంద అంతా ఒకే చోట పెంట వేసే అలవాటు కూడ దీనికి కలదు. ఆ పెంటను సంచులకెత్తి తోటలవారికి అమ్ముతారట.

దీని పుట్టినిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములు. అక్కడి కాపరులు వికూన్యా అనే అడవి జంతువును ఆరేడు వేల ఏండ్ల క్రిందట మచ్చిక చేయగా ఆల్పాకా ఏర్పడినది. ఇది లామా జాతికి దగ్గరిదని చాలాకాలము తలచినారు. 2001లో వెలువడిన జన్యు పరిశోధన ఆ అభిప్రాయమును మార్చినది. ఇన్కా రాజుల కాలమున దీని ఉన్ని బట్ట గొప్ప సంపద. 1532లో స్పెయిన్ సైనికులు ఆ రాజ్యముపై పడిన తరువాత మందలు చాలావరకు నశించినవి. వానిని కాచే జనమూ నశించినది. 1858లో చార్లెస్ లెడ్జర్ అనే ఇంగ్లీషు వర్తకుడు, ఎగుమతి నిషేధమును లెక్కచేయక, రెండు వందల యాభైకి పైగా జంతువులను కొండలు దాటించి, ఓడమీద సిడ్నీకి చేర్చినాడు. ఆ ప్రయత్నము కొద్ది ఏండ్లలోనే విఫలమైనది. నేడు ఆస్ట్రేలియాలో కనబడే మందలకు మూలము 1980ల చివర నుండి తెచ్చిన జంతువులు.

దొడ్డి యజమానురాలు అరవై దాటిన ఆమె. మా చేతులలో తలా పిడికెడు దాణా పోసి, అరచేయి చాచి పెట్టవలెననీ, తల నిమరరాదనీ చెప్పినది. మా మనుమడు భయపడుతూ చేయి చాచినాడు. మెత్తని పెదవులు తగులగానే కిలకిల నవ్వినాడు. ఇంతలో రెండు ఆడ ఆల్పాకాలకు దాణా దగ్గర తగవు వచ్చినది. ఒకటి ఉమ్మినది. పచ్చని ఆ ఉమ్ము రెండవదానికి తగులక మా అల్లుని చొక్కా మీద పడినది. ఆ నవ్వు ఇంటికి వచ్చిన దాకా ఆగలేదు.

కొన్ని చెట్టు నీడను పడుకొని దవడలు ప్రక్కకు ఆడించుచున్నవి. "ఏమీ తినడము లేదు కదా, ఏమి నములుతున్నవి?" అన్నాడు. "తిన్నదానినే మరల నోటికి తెచ్చుకొని నములుతున్నది. దానిని నెమరు అంటారు" అన్నాను. ఆ మాట వాడు వ్రాసుకోలేదు. సాయంకాలమునకు పది సార్లు అన్నాడు.

అది ఉన్ని కత్తిరించే కాలము. ఒక ఆల్పాకాను చాపమీద పడుకోబెట్టి, ముందు కాళ్ళూ వెనుక కాళ్ళూ త్రాళ్ళతో సాగదీసి కట్టినారు. వాడు నా చేయి గట్టిగా పట్టుకొని, "నొప్పి పుడుతుందా తాతయ్యా?" అన్నాడు. ఆమె విని, "నీకు జుట్టు కత్తిరిస్తే పుడుతుందా? ఇది తీయకపోతే ఎండాకాలము తట్టుకోలేదు" అన్నది. కత్తెర యంత్రము నడచినంతలో ఉన్ని పరుపువలె విడివడినది. లేచి నిలిచిన జంతువు సగమైనది. తోటివి దగ్గరకు వచ్చి, క్రొత్తదానిని చూచినట్లు మూచూచినవి.

ఆమె ఒక గుప్పెడు ఉన్ని వాడి చేతిలో పెట్టినది. నేను అందులో కొంత తీసుకొని తొడమీద పెట్టి పేనినాను. మూరెడు దారము వచ్చినది. నా చిన్నతనమున పాలమూరు జిల్లాలోని మా పొలములో మంద ఆపిన కాపరి ఇట్లే పేనేవాడు. వాన వస్తే గొంగడి కొప్పెర పెట్టుకొనేవాడు. రాత్రి అదే పరచుకొనేవాడు, అదే కప్పుకొనేవాడు. మా దక్కను గొఱ్ఱె ఉన్ని గరుకు. దాని దారమునకు చింతగింజల గంజి పెట్టి గొంగడి నేసేవారు. ఇదంతా మనుమడికి చెప్పినాను. దారము మణికట్టుకు చుట్టుకొని చివరి దాకా విన్నాడు. మా అమ్మాయి కూడ విన్నది. "ఇవన్నీ నాకెప్పుడూ చెప్పలేదేమి నాన్నా?" అన్నది. నా వద్ద జవాబు లేదు. ఆ సామెత దానికి చిన్నప్పుడే నేర్పినాను, అర్థముతో సహా.

ఆ రాత్రి వాడి దుప్పటి మంచము క్రింద పడి ఉన్నది. తీయమని తల్లి రెండు సార్లు కేకవేసినది. మూడవ సారి, "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందమ్మా" అన్నాడు.

తిరిగి వచ్చిన తరువాత ఒక నాడు తరగతిలో ఆ సామెత వచ్చినది. ఊరినుండి తెప్పించిన గొంగడిని బల్లమీద పరచి, ఇంతకుముందు దీనిని ముట్టుకొన్నవారెవరని అడిగినాను. నలుబది మందిలో చేయి ఎత్తినవారు ముగ్గురు. మెల్‌బోర్న్ పిల్లవానికీ మా పిల్లలకూ నేననుకొన్నంత దూరము లేదు.

గొంగడి ఒక బల్లనుండి ఇంకొక బల్లకు పోయినది. కొందరు వాసన చూచినారు, ఒకడు కప్పుకొన్నాడు. ఆ నాడు నేను అర్థము వ్రాయించలేదు.