వంక, డొంక, ఇంగ్లీషు మాటలు

పోయిన సెలవుల తర్వాత నేను ఒకరోజు ఆలస్యంగా హాస్టలుకొచ్చాను. వార్డెన్ మేడమ్ అడిగితే మా తాండా, వంక, బస్సు అంటూ ఏదేదో చెప్పాను. "డొంకతిరుగుడుగా మాట్లాడకు" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కానీ నేను నిజంగానే డొంక తిరిగి వచ్చాను! ఏడాదంతా ఎండిపోయి ఉండే వంక ఆ రోజు పొంగింది. డొంక అంటే చేల మధ్య బండ్లు పోయే బాట. అది చేను చేనుకీ వంపు తిరుగుతుంది. అందుకే సూటిగా లేని మాటకి ఆ పేరు.

ఇంగ్లీషులో కూడా ఇట్లాంటి మాటలున్నాయి. మెలికలు తిరుగుతూ పోవడాన్ని 'మియాండర్' అంటారు. అది మొదట ఒక నది పేరు. ఆ నది ఇప్పటి టర్కీ దేశంలో ఉంది. దాని మెలికలు చూసి, దాని పేరునే అట్లాంటి నడకకు పెట్టారు. మన సీమలో చిన్న ఏరూ వంకే, వంపూ వంకే కదా!

'డీటూర్' అంటే చుట్టుదారి. ఇది ఫ్రెంచి నుంచి వచ్చింది. గుంతకల్లు జంక్షన్ మీదుగా రైళ్ళను దారి మళ్ళిస్తే 'డైవర్షన్' అంటారు. ఇది లాటిన్ మాట. రెంటికీ మూలం పక్కకు తిరగడమే.

మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. ఇంగ్లీషంటే భయముండేది. ఆ మాటలూ ఏటిలో, బాటలో పుట్టినవే అని తెలిశాక భయం తగ్గింది.

ఎవరైనా చుట్టు తిప్పి చెబితే నవ్వకండి. ఏ దారిన వచ్చావని ఒక్కసారి అడగండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని