ఆనకట్ట అవతలి చుట్టాలు

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న సామెత వినని తెలుగువారు అరుదు. కాని ఆ పులసకు మరొక పేరున్నదని గోదావరి తీరం దాటితే కొద్దిమందికే తెలుసును. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస. వరదల వేళ గోదావరిలోకి ఎదురెక్కి, తీపినీటిలో ఈది పులస అవుతుంది. ఈ ప్రయాణమంతా గుడ్లు పెట్టటానికే. పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచు వంటిదన్నమాట.

ధవళేశ్వరం దగ్గర ఆ ఆడపడుచుకు తలుపు మూసి ఉంటుంది. 1847లో మొదలై 1852లో పూర్తి అయిన కాటన్ దొర ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. అది కాదన్నవాడు కృతఘ్నుడు. అయితే చేపల దారి సంగతి ఆ కాలం వారికి తోచకపోలేదు. ఫ్రాన్సిస్ డే అనే వైద్యుడు మన దేశపు మంచినీటి చేపలను గూర్చి 1873లో వెలువరించిన నివేదికలో, ఆనకట్టలు వాటి రాకపోకలకు అడ్డు తగులుతున్నవని వ్రాశాడు. అప్పటి లెక్క ఒక్కటే: చేపలు ఎన్ని తగ్గినవి? ఇప్పుడు శాస్త్రజ్ఞులు మరొక ప్రశ్న కూడ అడుగుతున్నారు: మిగిలిన చేపలలో ఎన్ని వంశాలు మిగిలినవి?

నేను తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. కనుక నాకు బోధపడిన తీరులోనే చెబుతాను.

ఒక ఊళ్ళో ఇరవై ఇంటిపేర్లున్నవనుకోండి. ఊరికి రాకపోకలు ఆగిపోయినవి. ఒక తరంలో ఒక ఇంట అందరూ ఆడపిల్లలే పుడతారు. ఆ ఇంటిపేరు పోతుంది. మరొక తరంలో మరొకటి. ఎవరి తప్పూ లేదు, ఏ జబ్బూ రాలేదు. అయినా నూరేళ్ళు గడిచేసరికి ఇరవై పేర్లలో ఆరో ఏడో మిగులుతవి. ఊరు ఎంత చిన్నదైతే పేర్లు అంత త్వరగా పోతవి. ఆ తరువాత మేనరికాలు తప్ప వేరే సంబంధాలు దొరకవు. జన్యువుల సంగతీ ఇంతే.

నదిలో మరొక చిక్కున్నది. ఎగువ చేప వరదలో ఆనకట్ట మీదుగా కిందికి జారిపోగలదు. కింది చేప పైకి ఎక్కలేదు. అంటే పై ఊరివారు పిల్లను ఇవ్వటమే గాని, కోడలిని తెచ్చుకొనే భాగ్యం లేదు.

జపాను దేశపు హొక్కైడో దీవిలో చార్ అనే చేప ఉన్నది. కొండవాగులలో మట్టి కొట్టుకుపోకుండా అక్కడ చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టారు. కట్టల పైభాగాన 52 చోట్ల వెదికితే 17 చోట్ల ఆ చేప కనిపించనే లేదని 2002లో పరిశోధకులు ప్రకటించారు. మిగిలినచోట్ల కూడ, కట్టలకు పైనున్న చేపలలో జన్యువైవిధ్యం తక్కువగా ఉన్నట్లు తరువాత తేలింది.

వైవిధ్యం పోతే ఏమి? అని మీరడగవచ్చు. కొన్ని వంశాలు తొలకరికే ఏరెక్కుతవి, కొన్ని వరద తీసిన తరువాత. ఒక ఏడు వరద ముందు వచ్చినా, వెనుక వచ్చినా ఏదో ఒక వంశం నిలుస్తుంది. అన్నీ ఒక్క రోజునే బయలుదేరే చేపలైతే ఒక్క చెడ్డ ఏడాది చాలు.

ఇక నాకు ఆశ కల్పించిన కథ. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రాన ఎల్వా అనే నది ఉన్నది. 1913లో, సముద్రానికి ఎనిమిది కిలోమీటర్ల దూరాన దానిపై ఒక ఆనకట్ట కట్టారు. 1927 నాటికి ఇంకా ఎగువన మరొకటి. చేపలకు దారి పెట్టలేదు. సముద్రం నుంచి వచ్చే స్టీల్‌హెడ్ చేపలకు దిగువ ముక్కే గతి. వేసవిలో ఏరెక్కే వంశమైతే దాదాపు కనుమరుగైంది. అదే జాతిలో ఏటిలోనే కాపురముండే శాఖకు రెయిన్‌బో ట్రౌట్ అని పేరు. ఆ శాఖ ఆనకట్టల వెనుక చిక్కుపడిపోయింది.

అక్కడి క్లల్లం తెగవారు దీర్ఘకాలం పోరాడగా 1992లో చట్టం వచ్చింది. 2011 నుంచి 2014 వరకు రెండు ఆనకట్టలనూ తొలగించారు. తరువాత వేసవి స్టీల్‌హెడ్‌లు మళ్ళీ నదిలో కనిపించినవి! వాటి జన్యువులు పరీక్షిస్తే, అవి చిక్కుపడిన ట్రౌట్ల సంతతేనని తేలింది. సముద్రం మొగం చూడని తాతల రక్తంలో సముద్రయానం దాదాపు నూరేళ్ళు దాగి ఉన్నదన్నమాట. ఎగువన ఏరు పొడుగు, ఉపనదులు అనేకం. ఊరు పెద్దది గనుక ఇంటిపేరు నిలిచింది. హొక్కైడో వాగులకు ఆ అదృష్టం లేదు.

ధవళేశ్వరం ఆనకట్ట పడగొట్టమని నేననటం లేదు. లక్షల కంచాలు దానిపై ఆధారపడి ఉన్నవి. కాని కట్టేచోట, మరమ్మతు చేసేచోట చేపకు దారి వదలాలి. ఆ దారి ఆ చేపకు తగినదై ఉండాలి. సాల్మన్ దూకి మెట్లెక్కే చేప. పులస దూకే చేప కాదు. నాలుగు తల్లిచేపల పిల్లలను లక్షలుగా పెంచి వదిలితే ఏరు నిండవచ్చును; ఆ లక్షలకూ ఉండేవి నాలుగు ఇంటిపేర్లే. ఇంజనీర్లు క్యూసెక్కులు లెక్కపెట్టే పుస్తకంలో ఈ ఇంటిపేర్లకు కూడ ఒక పుట కేటాయిస్తే బాగుండును.